సొంత ఆపరేటింగ్ సిస్టమ్: ఇంటరప్టులు ఆన్ చేయగానే మిషన్ మళ్లీ మొదటికి వస్తోంది

ప్రశ్న

నమస్కారం. నేను ఉద్యోగరీత్యా వెబ్ ప్రోగ్రామర్‌ను. అడుగున అసలేం జరుగుతుందో చూడాలన్న కోరికతో రెండు నెలలుగా రాత్రిపూట ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకుంటున్నాను. డిస్క్ నుంచి మొట్టమొదట లోడయ్యే బూట్ సెక్టార్‌ను అసెంబ్లీలో నేనే రాశాను. 512 బైట్లలో చివరి రెండూ 55, ఏఏ అని ఉండాలన్న సంగతి తెలియక మూడు రాత్రులు పోయాయి. ఆ తరువాత 32 బిట్ల ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి వెళ్లి, సీలో రాసిన కర్నెల్‌లోకి, అంటే సిస్టమ్ అసలు భాగంలోకి, దూకి, హెక్స్‌లో బి8000 అనే చిరునామా దగ్గర రాస్తూ తెర మీద అక్షరాలు కూడా చూశాను.

ఇప్పుడు కీబోర్డు చదవాలి. ఏ ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ను ఆపి పిలిచే సంకేతం) వస్తే ఏ ఫంక్షన్ నడవాలో చెప్పే ఇంటరప్ట్ డిస్క్రిప్టర్ టేబుల్‌లో 33వ గడిలో నా కీబోర్డు ఫంక్షన్‌ను పెట్టి, మిగతా గడులన్నీ ఖాళీగా వదిలి, ఇంటరప్టులను ఆన్ చేసే ‘ఎస్‌టీఐ’ ఆదేశం ఇచ్చాను. అంతే, క్యూఈఎంయూ (పీసీని అనుకరించే ప్రోగ్రామ్) విండో ఒకసారి మిణుక్కుమని మళ్లీ బూట్ అవుతోంది, అలా ఆగకుండా తిరుగుతూనే ఉంది. చిత్రమేమిటంటే నేనింకా ఒక్క కీ కూడా నొక్కలేదు. తప్పెక్కడుందో చెప్పగలరా? అన్నీ ఇలా మొదటి నుంచి నేనే రాసుకోవడం సరైన దారేనా అన్నది కూడా తెలిసినవారు చెప్పాలని మనవి.

జవాబు 1

కీ నొక్కకముందే పడిపోతోందని మీరే రాశారు. జవాబు అందులోనే ఉంది. మిమ్మల్ని పడగొడుతున్నది కీబోర్డు కాదు, టైమర్. బయాస్ (పీసీ ఆన్ కాగానే నడిచే ప్రోగ్రామ్) వదిలి వెళ్లిన అమరిక ప్రకారం టైమర్ సెకనుకు సుమారు 18 సార్లు ఇంటరప్ట్ పంపుతూ ఉంటుంది కాబట్టి, మీరు ఎస్‌టీఐ ఇచ్చిన 55 మిల్లీసెకన్లలోపే మొదటిది వచ్చి తలుపు తడుతుంది. అది వచ్చేది మీరనుకున్నట్టు కీబోర్డు గడికి ముందున్న 32వ గడికి కాదు, 8వ గడికి. ఎందుకంటే పరికరాల ఇంటరప్టులను ప్రాసెసర్‌కు చేరవేసే 8259 ఇంటరప్ట్ కంట్రోలర్‌ను బయాస్ 8 నుంచి 15 వరకు ఉన్న గడులకు తిప్పి పెట్టింది. ప్రొటెక్టెడ్ మోడ్‌లో ఆ గడులు ప్రాసెసర్ తన సొంత లోపాల కోసం ఉంచుకున్నవి, అందులో 8వది డబుల్ ఫాల్ట్‌ది. ఆ గడి ఖాళీగా ఉండేసరికి ఒక ఫాల్ట్, దాన్ని పట్టుకునే గడీ ఖాళీయే కనుక డబుల్ ఫాల్ట్, అదీ ఖాళీయే కనుక ట్రిపుల్ ఫాల్ట్. ఇక ప్రాసెసర్‌కు రీసెట్ తప్ప వేరే దారి లేదు.

నా మాట నమ్మనవసరం లేదు, మీరే చూడండి. కేవీఎం (కోడ్‌ను అసలు ప్రాసెసర్ మీదే నడిపే సదుపాయం) లేకుండా, ‘డి ఇంట్’, ‘నో రీబూట్’ ఆప్షన్లు కలిపి క్యూఈఎంయూను నడిపితే ప్రతి ఇంటరప్టూ లాగ్‌లో పడుతుంది, చివర్లో ట్రిపుల్ ఫాల్ట్ దగ్గర ఆగిపోతుంది. హార్డ్‌వేర్ ఇంటరప్ట్ 08 అన్న లైను అక్కడ మీకు కనబడాలి.

సరిచేయడానికి కంట్రోలర్‌ను మళ్లీ ఇనీషియలైజ్ చేయాలి. అంకెలన్నీ హెక్స్‌లో చెబుతున్నాను: 20, ఏ0 పోర్టులకు 11 పంపండి, తరువాత 21వ పోర్టుకు వరుసగా 20, 4, 1, ఏ1 పోర్టుకు వరుసగా 28, 2, 1 పంపండి. ఆఖరున 21వ పోర్టుకు ఎఫ్‌డి, ఏ1కు ఎఫ్‌ఎఫ్ రాస్తే కీబోర్డు తప్ప అన్నీ మూసుకుంటాయి. మీ ఫంక్షన్ 60వ పోర్టు నుంచి కోడ్ చదివి, 20వ పోర్టుకు 20 పంపి, మామూలు రిటర్న్‌తో కాకుండా ‘ఐరెట్’తో బయటికి రావాలి. ఆ 20 పంపడం మరిచిపోతే మొదటి కీ ఒక్కటే పనిచేసి తరువాత అంతా మౌనం. నేను ఒక ఆదివారమంతా దానికే సమర్పించుకున్నాను.

జవాబు 2

పై జవాబు సరైనదే. మీ రెండో ప్రశ్నకు మాత్రం నాది కాస్త భిన్నాభిప్రాయం. బూట్ సెక్టార్ ఒకసారి రాయడం మంచిదే, రాశారు, ఇక దాన్ని పక్కన పెట్టేయండి. పై మెమరీకి దారిచ్చే ఏ20 లైను తెరవడం, డిస్క్ నుంచి సెక్టార్లు తెచ్చుకోవడం లాంటివి పాత పీసీ చరిత్ర తప్ప ఆపరేటింగ్ సిస్టమ్ విద్య కాదు. గ్రబ్, లిమైన్ లాంటి బూట్‌లోడర్లు ఆ పని చేసి కర్నెల్‌ను మీ చేతిలో పెడతాయి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి బయాస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ మాత్రమే ఉంటుంది కాబట్టి మీ బూట్ సెక్టార్ వాటి మీద ఎలాగూ లేవదు.

అసలు విద్య ఆ తరువాత మొదలవుతుంది: పేజింగ్ (మెమరీని పేజీలుగా విడగొట్టి పంచడం), ప్రాసెస్‌లు, సిస్టమ్ కాల్స్. వాటిని చూడాలంటే ఎంఐటీలో 2006లో పాఠం కోసం రాసిన ఎక్స్‌వీ6 కర్నెల్‌ను పక్కన పెట్టుకోండి. ఆరో ఎడిషన్ యూనిక్స్‌ను అనుసరించి రాసిన ఆ కోడ్‌ను ఓపికున్నవారు మొత్తం చదివేయవచ్చు. ఇప్పుడది రిస్క్-ఫైవ్ అనే వేరే రకం ప్రాసెసర్ మీద నడుస్తుంది, అక్కడ 8259 బాధలేవీ ఉండవు.

కీబోర్డు పనిచేశాక ఆదేశాలు తీసుకునే షెల్ రాయాలని మనసు లాగుతుంది, అప్పుడే ఆగండి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదట చేసింది రెండు పనులను మార్చిమార్చి నడపడమే: ఒకటి తెర మీద ఏలు రాస్తుంటే మరొకటి బీలు రాసేది. టైమర్‌తో మీరూ అదే చేయండి. ఒక పని స్టాక్‌ను దాచి ఇంకొకదాని స్టాక్‌లోకి దూకే ఆ ఇరవై లైన్ల అసెంబ్లీ అర్థమైతే మిగతా కర్నెల్ భయపెట్టదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. లాగ్‌లో 08 కళ్లారా చూశాను, కంట్రోలర్‌ను తిప్పాక రీబూట్ ఆగింది. మొదట ఏ నొక్కితే ఏ, వదిలితే ఏదో పిచ్చి గుర్తు వచ్చేది. నొక్కినప్పుడు 1ఇ, వదిలినప్పుడు దానికి 80 కలిపి 9ఇ వస్తుందని తెలిశాక పై బిట్ ఉన్నవాటిని వదిలేస్తున్నాను. ఇంకొక్క ఆశ: బూట్ అవగానే తెలుగులో మా అమ్మ పేరు, లక్ష్మి, కనబడాలి. అది ఈ టెక్స్ట్ మోడ్‌లో సాధ్యమా?

జవాబు 3

టెక్స్ట్ మోడ్‌లో వద్దండీ. అక్కడ 80 నిలువు వరుసలు, 25 అడ్డు వరుసలు, ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ. మొత్తం బొమ్మలు 256, మహా అయితే 512. లక్ష్మి అన్నది మన కంటికి రెండక్షరాలే అయినా యూనికోడ్‌లో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు కోడ్‌లు, యూటీఎఫ్-8లో 21 బైట్లు. ఆ ఒత్తులను ఎక్కడ దించాలో, గుడిని ఏ హల్లు మీద ఎక్కించాలో లెక్కగట్టే పనిని లినక్స్‌లో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. దాన్ని మీ కర్నెల్‌లోకి తేవాలంటే ముందు మెమరీ కేటాయింపు, సీ లైబ్రరీ కావాలి.

కాబట్టి అడ్డదారిలో వెళ్లండి. లినక్స్‌లో ఆ పేరును పెద్ద అక్షరాలలో రాసి, నలుపు తెలుపు బిట్‌మ్యాప్‌గా మార్చి, సీలో ఒక అరేగా కర్నెల్‌లో కలిపేయండి. బూట్‌లోడర్ ఇచ్చే ఫ్రేమ్‌బఫర్‌లోకి (తెర మీది పిక్సెళ్లకు అద్దంలాంటి మెమరీ) పిక్సెల్ తరువాత పిక్సెల్ కాపీ చేసే లూపు పది లైన్లకు మించదు. ఒక్కటి మాత్రం చూసుకోండి: ఫ్రేమ్‌బఫర్‌లో ఒక వరుస నుంచి మరో వరుసకు దూరం ఎప్పుడూ వెడల్పుకు సమానంగా ఉండదు. బూట్‌లోడర్ చెప్పిన పిచ్ విలువను వాడకపోతే పేరు ఏటవాలుగా సాగిపోతుంది.