ఆకలితో ఉన్న పిల్లల ఫోటోలు సండే స్కూల్లో చూపించాలా, వద్దా?

సండే స్కూల్ టీచర్:
అందరికీ వందనాలు. పేద దేశాల్లో ఆకలితో ఉన్న పిల్లల కోసం మా సంఘం ఈ నెల ప్రత్యేక కానుక సేకరిస్తోంది. ఆరు నుంచి పదేళ్ల పిల్లలకు ఆ పాఠం చెప్పే బాధ్యత నాది. ఎముకలు తేలిన పిల్లల ఫోటోలు తెర మీద వేయమని కమిటీ అంటోంది. అవి చూస్తే పిల్లలు రాత్రి భయపడతారని కొందరు తల్లిదండ్రుల టెన్షన్. నా అభ్యంతరం వేరు. ఫోటోలోని బిడ్డ పేరేమిటో, ఏ ఆట ఇష్టమో మన పిల్లలకు తెలియదు. తెలిసేది ఆకలి ఒక్కటే. ఆ బిడ్డ తమలాంటివాడేనని వాళ్లకు ఎలా అనిపిస్తుంది? మీరేమంటారు?

పాత విశ్వాసి:
చూపించాల్సిందే చెల్లెమ్మా. ఇథియోపియా కరువు గురించి నెలల ముందే హెచ్చరికలు వచ్చినా ప్రపంచం పట్టించుకోలేదు. 1984 అక్టోబరులో ఆ దృశ్యాలు టీవీలో వచ్చాకే జనం కదిలారు. మరుసటి ఏడాది లండన్‌లో, ఫిలడెల్ఫియాలో లైవ్ ఎయిడ్ కచేరీలు పెట్టి డబ్బు పోగుచేశారు. కళ్లతో చూడనిదే చెయ్యి జేబులోకి పోదు. పిల్లలైనా అంతే. వాళ్లను మరీ సుకుమారంగా పెంచుతున్నాం.

సండే స్కూల్ టీచర్:
ఆ దృశ్యాల వల్ల సాయం అందింది అన్నా, కాదనను. కానీ ఆ కరువుకు వానలు లేకపోవడంతో పాటు అంతర్యుద్ధం కూడా కారణం. ఫోటోలో యుద్ధం కనిపించదు. కారణం చెప్పకుండా ఫోటో ఒక్కటే చూపిస్తే, వాళ్లు చేతగానివాళ్లు కాబట్టి ఆకలితో ఉన్నారని పిల్లలు అనుకుంటారు. సాయం చేసే సంస్థలకే ఈ విషయం అర్థమైంది. మనుషులను నిస్సహాయులుగా, జాలిగొలిపేలా చూపించే చిత్రాలు వాడకూడదని 1989లో యూరప్ స్వచ్ఛంద సంస్థలు ఒక నియమావళి పెట్టుకున్నాయి.

ఇద్దరు పిల్లల తల్లి:
ఫోటోల కన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. మేము ఇంతకు ముందు వెళ్లిన సంఘంలో ఎక్కువ కానుక తెచ్చిన పిల్లల పేరు చదివి చప్పట్లు కొట్టించేవారు. వాళ్ల నాన్నకు పని పోయిన ఒక పాప కడుపునొప్పి అని చెప్పి రావడమే మానేసింది. ఎక్కడో ఉన్న పేద పిల్లల కోసమని మన మధ్య ఉన్న పేద పిల్లను సిగ్గుపడేలా చేశాం. ఈ సంగతి ఏ కమిటీ మీటింగులోనూ ఎవరూ ఎత్తరు.

నర్స్:
తీవ్రమైన పోషకాహార లోపం ఉన్న పిల్లలకు వైద్యం చేసే చోట పనిచేశాను. ఫోటో లేకుండానే చెప్పొచ్చు. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల చేతి పైభాగాన్ని ఒక రంగుల పట్టీతో కొలుస్తాం. 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ వస్తే ఎరుపు, అంటే ప్రాణానికే ప్రమాదం. కాగితంతో అంత చుట్టుకొలత ఉన్న గాజు చేసి పిల్లల చేతుల్లో పెట్టండి, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. తర్వాత మందు గురించీ చెప్పండి. వేరుశనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపిన 92 గ్రాముల ప్యాకెట్‌లో 500 కేలరీలు ఉంటాయి. నీళ్లు కలపక్కర్లేదు, వండక్కర్లేదు, అమ్మ ఇంట్లోనే తినిపించవచ్చు. వారాల్లోనే చాలామంది పిల్లలు కోలుకుంటారు. ఇది నయమయ్యేదని తెలిస్తే మీ పిల్లలకు భయం ఉండదు, ఏదైనా చేయాలనిపిస్తుంది.

పాత విశ్వాసి:
కాగితం గాజు బాగుంది తల్లీ. కానీ ఐక్యరాజ్యసమితి లెక్కలో 2024లో ఆకలితో ఉన్నవాళ్లు 67 కోట్ల పైనే. ఇంత ఘోరాన్ని మెత్తమెత్తగా చెబితే ఎలా? యేసు జనాన్ని చూసి కనికరపడ్డాడు. చూశాకే కదా కనికరపడింది!

సండే స్కూల్ టీచర్:
చూశాడు అన్నా, ఆ జనం మధ్యనే నిలబడి చూశాడు. తెర మీద కాదు.

నేను చెప్పాలనుకుంటున్న పాఠం బైబిల్లోని అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయం. కరువు రాబోతోందని అగబు అనే ప్రవక్త చెప్పగానే, అంతియొకయ పట్టణంలోని శిష్యులు యూదయలోని సహోదరులకు సాయం పంపాలని నిశ్చయించుకున్నారు. ఆకలితో ఉన్నవాళ్లను వాళ్లు చూడలేదు. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు ఇచ్చారు, ఎవరెంత ఇచ్చారో అక్కడ రాయలేదు. పైగా అంతియొకయకు సువార్త వచ్చిందే యూదయ వైపు నుంచి. రోమా పత్రిక 15లో పౌలు యెరూషలేము పేదల కోసం పోగైన సొమ్ము గురించి రాస్తూ, ఇచ్చినవాళ్లే వాళ్లకు రుణపడి ఉన్నారంటాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8లోనైతే ఇదంతా సమానత్వం కోసమని, ఈరోజు మీ సమృద్ధి వాళ్ల కొరతకు, రేపు వాళ్ల సమృద్ధి మీ కొరతకు అని చెబుతాడు. మన పిల్లలకు ఇది నేర్పకుండా జాలి మాత్రమే నేర్పితే, వాళ్లు పెద్దయ్యాక కూడా పేదవాడిని తమకన్నా తక్కువవాడిగానే చూస్తారు. నా భయమంతా అదే.

కమిటీకి చెప్పబోయేది ఇదీ: ఫోటోలు వేయను. కాగితం గాజు చేయిస్తాను. యుద్ధం, కరువు, ధరలు ఆకలికి ఎలా కారణమవుతాయో పటం మీద చూపిస్తాను. కానుక మూత ఉన్న పెట్టెలో, పేర్లు లేకుండా. డబ్బు లేని పిల్లలు ఖాళీ కవరు వేసినా ఎవరికీ తెలియదు.

ఇద్దరు పిల్లల తల్లి:
అక్కా, కవర్లు మీరే ఇవ్వండి, అన్నీ ఒకేలా ఉండాలి. ఇంటి నుంచి తెమ్మంటే అక్కడ కూడా తేడా తెలిసిపోతుంది.

పాత విశ్వాసి:
చిన్నపిల్లల విషయంలో ఒప్పుకుంటున్నాను చెల్లెమ్మా. పన్నెండు దాటిన వాళ్లకు మాత్రం ఫోటో చూపించాలనే అంటాను, నువ్వన్నట్టు కారణం కూడా చెప్పి. పటం ఎక్కడ దొరుకుతుందో చూడు, దానికయ్యే ఖర్చు నేనిస్తాను.