బైపాస్ అయ్యాక తీపి తింటే రెండు గంటలకు వణుకు. ఇంకెవరికైనా ఇలా అయిందా?

గోదావరి_ఆడపడుచు:
అందరికీ నమస్కారం. నాకు గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెది కాదు, బరువు తగ్గడానికి పొట్టకు చేసే సర్జరీ) అయి పద్నాలుగు నెలలైంది. 112 కిలోల నుంచి 76కి వచ్చాను. ముందు నుంచీ షుగర్ జబ్బు లేదు.

మొన్న వరలక్ష్మీ వ్రతానికి రాజమండ్రిలో అమ్మవాళ్లింటికి వెళ్లి రెండు పూర్ణాలు తిన్నాను. వెంటనే ఏమీ కాలేదు కాబట్టి ఒంటికి పడ్డాయనుకున్నాను. రెండు గంటలయ్యాక, వాయనాలు ఇస్తుంటే చేతులు వణికాయి. చెమటలు పోసి కళ్లు మసకబారాయి. పొద్దుటి నుంచి ఉపవాసం కదా, నీరసం అన్నారందరూ. పిన్ని గ్లాసుడు పంచదార నీళ్లు తాగించింది. పది నిమిషాల్లో తేరుకున్నాను కానీ గంటన్నరకి మళ్లీ అదే పరిస్థితి.

సర్జరీ కొత్తలో ఇలా ఉండేది కాదు. చెంచాడు పాయసం నోట్లో పెట్టుకుంటే పావుగంటలో గుండె దడ, కడుపులో మెలిపెట్టడం, బాత్రూంకి పరుగు. అది తగ్గిందని సంతోషపడేలోపు ఇది మొదలైంది. చాలా టెన్షన్‌గా ఉంది.

కూకట్‌పల్లి_2019:
చెల్లెమ్మా, రెండూ డంపింగే, అంటే తిన్నది పేగులోకి మరీ త్వరగా దిగిపోవడం వల్ల వచ్చే ఇబ్బంది. మొదటిది తిన్న అరగంటలోపు వస్తుంది. బైపాస్‌లో తిండి చిన్న సంచీ లోంచి నేరుగా చిన్నపేగులోకి దిగిపోతుంది. చిక్కటి తీపి ఒక్కసారిగా పేగులో పడితే అది ఒంట్లోని నీటిని అటు లాగుతుంది. దడ, విరేచనం అందుకే. రెండోది తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య వస్తుంది. తీపి రక్తంలోకి గబగబా ఎక్కేసరికి ఇన్సులిన్ అవసరానికి మించి ఊరుతుంది, దాంతో షుగర్ పడిపోతుంది. ఇది చాలామందికి ఏడాది దాటాకే మొదలవుతుంది. నాకూ అంతే.

నాకు మొదటిసారి వచ్చినప్పుడు మియాపూర్ దగ్గర బండి మీద ఉన్నాను. పక్కకు ఆపి ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను కాబట్టి బతికిపోయాను. తర్వాత ఇంకోసారి అలాగే వస్తే గ్లూకోమీటర్‌తో చూసుకున్నాను, షుగర్ 51కి పడిపోయి ఉంది. ఒళ్లు తేలిపోతున్నట్టుంటే దయచేసి బండి తీయకండి.

మీ పిన్నిగారిని తప్పు పట్టను. ఆ నిమిషానికి తీపి కావాల్సిందే. కానీ గ్లాసుడు పంచదార నీళ్లంటే మళ్లీ ఇన్సులిన్‌ని రెచ్చగొట్టడమే. మా డాక్టర్ నాకు చెప్పింది ఇది: మూడు చెంచాల గ్లూకోజ్ పొడి, అంటే సుమారు 15 గ్రాములు, కొంచెం నీళ్లలో. పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. షుగర్ లేచాక ఒక గుడ్డో, పనీర్ ముక్కో తినాలి. అది లేకపోతే మళ్లీ పడుతుంది. మీకు రెండోసారి వచ్చింది అందుకే అయ్యుంటుంది. తిండి మార్చినా తగ్గకపోతే అకార్బోస్ (పిండి, పంచదార అరగడాన్ని నెమ్మది చేసే మందు) లాంటివి ఉన్నాయి, డాక్టర్ రాస్తేనే వాడాలి. అకార్బోస్ వాడేవాళ్లకు షుగర్ పడిపోతే పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజే కావాలి. స్పృహ తప్పినా, మాట తడబడినా ఇంట్లో ప్రయోగాలు చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

బెజవాడ_స్లీవ్:
నాది స్లీవ్, అంటే పొట్టలో చాలా భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగిల్చే సర్జరీ. నాకు డంపింగ్ ఎప్పుడూ రాలేదు. అదే నాకు నష్టమైంది, ఎందుకంటే ఏం తిన్నా ఒళ్లు హెచ్చరించదు. మూడేళ్లలో తొమ్మిది కిలోలు తిరిగొచ్చాయి. స్వీట్ల వల్ల కాదు. టీలో బిస్కెట్లు, సాయంత్రం మరమరాలు, నాలుగు చేగోడీలు. నోట్లో కరిగి జారిపోయేవి ఎన్ని తిన్నా కడుపు నిండినట్టు అనిపించదు. అదే చేప ముక్కయితే మూడు ముద్దలకే చాలనిపిస్తుంది.

రాగిజావ కూడా అంతే. బలమని మా అత్తగారు ప్రేమగా పెద్ద గ్లాసుతో ఇచ్చేవారు. రాగులు మంచివే, కానీ జావగా కాస్తే అది తాగే పిండే కదా. పదకొండింటికల్లా మళ్లీ ఆకలి.

మా డైటీషియన్ ఒక్క మాట చెప్పారు: అన్నంలో కూర కలపొద్దు, కూరలో అన్నం కలపండి. ఇప్పుడు ముందు గుడ్డు గానీ చేప గానీ, తర్వాత గట్టి పప్పూ కూరా, చివర్లో చోటుంటే రెండు ముద్దల అన్నం. సగం రోజులు అన్నం దాకా రాను. మజ్జిగ భోజనంతో పాటు కాదు, అరగంట తర్వాత. నాకు రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ తగ్గకూడదన్నారు. అది లెక్కపెట్టుకుంటే పిండి పదార్థానికి చోటు దానంతటదే తగ్గింది.

కరీంనగర్_సిస్టర్:
నేను ఆసుపత్రిలో నర్సుని, మా ఆయనకు మినీ బైపాస్ (గ్యాస్ట్రిక్ బైపాస్‌లోనే ఇంకో రకం) అయింది. అందరూ చక్కెర మానేశామంటారు, అడిగితే బెల్లం టీ, తేనె నిమ్మరసం, ఖర్జూరాలు. పేగుకు బెల్లమైనా చక్కెరైనా ఒకటే. ప్యాకెట్ వెనక చక్కెర ఎన్ని గ్రాములో చూసి నాలుగుతో భాగించండి, అన్ని చెంచాలన్నమాట.

ఓఆర్‌ఎస్ గురించి కూడా చెప్పాలి. డబ్ల్యూహెచ్‌వో సూత్రంతో చేసిన పొడిలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటది. ఆ పేరుతో అమ్మిన తీపి జ్యూస్ డబ్బాలు వేరు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని ఆదేశించింది. విరేచనాలైతే పొడి సాచెట్టే అడిగి తీసుకోండి.

ఇంకోటి, ఇది మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి. సర్జరీ తర్వాత రోజుల తరబడి వాంతులై ఏమీ దిగని మనిషికి, నీరసంగా ఉందని ఉత్త గ్లూకోజ్ బాటిల్ ఎక్కించొద్దు. బి1 విటమిన్ అడుగంటి ఉంటది. ముందు థయామిన్, అంటే ఆ బి1 ఇవ్వాలి. లేకపోతే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఊళ్లల్ల బాటిల్ పెట్టించుకోవడం మనకు అలవాటు, అందుకే ఇంతగా చెప్తున్నా. షుగర్ జబ్బు ఉండి గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్లు కూడా పాత మోతాదు కొనసాగించకుండా డాక్టర్‌ను అడగాలి. తిండి తగ్గినప్పుడు అది షుగర్‌ను బాగా పడేస్తది.

టెక్సాస్_తల్లి:
బైపాస్ తర్వాత గర్భం వచ్చినవాళ్ల కోసం నా అనుభవం. ఆరో నెలలో షుగర్ పరీక్షకని గ్లూకోజ్ నీళ్లు తాగమన్నారు. నాకు బైపాస్ అయిందని చెప్పగానే ఆపేశారు. ఖాళీ కడుపుతో అంత గ్లూకోజ్ తాగితే డంపింగ్ ఖాయమట. దానికి బదులు వారం రోజులు పొద్దున్నే ఒకసారి, ప్రతి భోజనం తర్వాత ఒకసారి వేలు గుచ్చి చూసుకోమన్నారు. ఇండియాలో 75 గ్రాములు తాగిస్తారు. మీరే ముందు చెప్పండి, ఫైల్ చూసుకుంటారులే అనుకోవద్దు.

గోదావరి_ఆడపడుచు:
అందరికీ చాలా థాంక్స్. ఇరవై రోజులు రాసి పెట్టుకున్నాను. మూడు ఇడ్లీలు, పల్చటి సాంబారు తిన్న రోజు గంటా ముప్పావుకి 58. ఒక పెసరట్టు, ఒక గుడ్డు తిన్న రోజు అదే సమయానికి 84. ఆ కాగితం చూసి మా సర్జన్ ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) దగ్గరికి పంపారు. ప్రస్తుతానికి మందు లేదు, ఆరుసార్లు కొంచెం కొంచెం తినమన్నారు.

పిన్నికి ఇదంతా చదివి వినిపించాను. ఆవిడ పర్సులో మూడు చెంచాల గ్లూకోజ్ విడిగా పొట్లం కట్టి పెట్టుకుంది. అట్లతద్దికి అట్లు ఎలా చేసుకోవాలో ఎవరైనా చెప్పరూ?

బెజవాడ_స్లీవ్:
అమ్మవారికి మామూలుగానే పెట్టండి. మీ వరకు రుబ్బేటప్పుడు బియ్యం తగ్గించి మినప్పప్పు పెంచండి. ఒక్కటి చాలు, బెల్లం పాకం వద్దు, కొంచెం అల్లం పచ్చడి. ముందు గుడ్డు తిందామంటే పూజ రోజు కదా, పనీర్ వేయించుకోండి. రెండు గంటలకు మీటర్ చూసుకుని ఇక్కడ రాయండి.