మూడు నిమిషాల నీళ్ళ బ్రేక్: ఆటగాళ్ళ దాహానికా, యాడ్లకా?

పటమట లెఫ్ట్‌వింగ్:
2026 జూన్ 11న అమెరికా, కెనడా, మెక్సికోల్లో మొదలయ్యే ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ప్రతి మ్యాచ్‌కీ ఫస్టాఫ్‌లో ఒకసారి, సెకండాఫ్‌లో ఒకసారి, 22వ నిమిషం దగ్గర ఆట ఆపి మూడు నిమిషాలు నీళ్ళ బ్రేక్ ఇస్తామని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఎండ ఉన్నా లేకున్నా సరే, పైన కప్పు ఉన్నా లేకున్నా సరే. నాకు మండేది ఇక్కడే. అట్లాంటా, డల్లాస్, హ్యూస్టన్ స్టేడియాలకి కప్పూ ఉంది, ఏసీ కూడా ఉంది. అక్కడ ఎవరికండీ అంత దాహం?

క్రికెట్‌లో ఓవర్ అయిందో లేదో యాడ్ పడిపోతుంది, ఒక్కోసారి ఫీల్డర్ బంతి విసరకముందే. దానికి విసిగే నేను ఫుట్‌బాల్‌కి వచ్చాను. ఒక జట్టు పది నిమిషాలు ఏకబిగిన మీద పడుతుంటే, అవతలి డిఫెండర్లు ఊపిరాడక బంతిని ఎటు పడితే అటు తన్నేస్తుంటే, గోల్ ఇప్పుడొస్తుందా మరుక్షణం వస్తుందా అని కూర్చున్నచోట కూర్చోలేం చూడండి, ఆ మజా కోసం. సరిగ్గా అప్పుడే విజిల్ ఊదితే? 45 నిమిషాల హాఫ్ ఒక్కోటీ రెండు ముక్కలైతే అది నాలుగు క్వార్టర్ల ఆటే, అమెరికా టీవీకి అలవాటైన లెక్క. మీరేమంటారు?

వన్‌టౌన్ గోలీ:
ఐపీఎల్‌లో స్ట్రాటజిక్ టైమౌట్ 2009లో ఏడున్నర నిమిషాలతో వచ్చినప్పుడూ ఇలాగే తిట్టుకున్నాం. ఇప్పుడు ఇన్నింగ్స్‌కి రెండు, ఒక్కోటి రెండున్నర నిమిషాలు. ఎవరైనా పట్టించుకుంటున్నారా? ఇదీ అలవాటైపోతుందిలే అన్నా.

పటమట లెఫ్ట్‌వింగ్:
అలవాటైపోతుందనే కదా తమ్ముడూ నా భయం.

బ్రాడీపేట విజిల్:
నేను గుంటూరులో కుర్రాళ్ళ మ్యాచ్‌లకి రిఫరీగా వెళ్తుంటాను. మే నెలలో పొద్దున్నే మొదలుపెట్టినా సెకండాఫ్‌కి ఎండ చుర్రుమంటుంది. పెదాలు తెల్లగా ఎండిపోయి, పేరు పెట్టి పిలిచినా రెండోసారికి గానీ తల తిప్పరు. అప్పుడు ఆట ఆపనివాడు రిఫరీ ఏంటండీ! నిబంధనల్లోనూ దానికి చోటుంది. గొంతు తడుపుకోవడానికైతే నిమిషం దాటకూడదు, ఒళ్ళు చల్లబడటానికైతే తొంభై సెకన్ల నుంచి మూడు నిమిషాల దాకా. ఆపిన టైమ్ చివర్లో కలుపుతాం. కాబట్టి బ్రేక్ అనగానే కుట్ర అనకండి. ఎండ చూసి ఆపేది ఒకటి, గడియారం చూసి ఆపేది ఇంకొకటి. లెఫ్ట్‌వింగ్ గారు రెండోదాన్ని తిడుతూ మొదటిదాన్ని కూడా కలిపేస్తున్నారేమో అనిపించింది.

గడియారం చూసి ఆపితే నష్టం లేదని కూడా అనను. 2014 ప్రపంచకప్‌లో ఫోర్టలేజాలో నెదర్లాండ్స్, మెక్సికో మ్యాచ్ చూసినవాళ్ళకి గుర్తుండాలి. మెక్సికో 1-0తో ముందుంది. సెకండాఫ్‌లో ఎండ వల్ల బ్రేక్ ఇచ్చారు. ఆ కాసేపట్లో డచ్ కోచ్ వాన్ గాల్ తన ప్లాన్ బి మొత్తం ఆటగాళ్ళ చెవిన వేశాడు. దాపరికం లేకుండా తర్వాత ఆయనే చెప్పాడు. 88వ నిమిషంలో స్నైడర్ గోల్, ఇంజురీ టైమ్‌లో హంటెలార్ పెనాల్టీ. మెక్సికో ఇంటికి. అక్కడ నిజంగానే ఎండ ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయారు. ఏసీ స్టేడియంలో ఇదే జరిగితే ఓడినవాళ్ళకి ఏం సమాధానం చెబుతారు?

బెంజ్‌సర్కిల్ నైట్‌డ్యూటీ:
మనకి మ్యాచ్‌లు అర్ధరాత్రీ తెల్లవారుజామూ. నాకైతే మూడు నిమిషాలు దొరికితే టీ పెట్టుకుంటా, ఆట మాత్రం మిస్సవ్వను. నాకు ఒళ్ళు మండేది ఆ ఎల్ బ్యాండ్. కార్నర్ కొట్టబోతుంటే బొమ్మ చిన్నదైపోయి పక్కనా కిందా సిమెంటు యాడ్. గోల్ పడింది, ఎవడు కొట్టాడో కనపడలేదు!

కొత్తపేట స్పాట్:
మీరంతా తిట్టే యాడ్లు అమ్మే ఉద్యోగమే నాది, లోకల్ కేబుల్ ఛానల్లో. పది సెకన్ల లెక్కన అమ్ముతాం. 45 నిమిషాలు యాడ్ పడని ఆటని స్పాన్సర్ దగ్గరికి తీసుకెళ్ళి చూడండి, కష్టం తెలుస్తుంది. మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ సంగతేంటి? వాణిజ్య ఒప్పందం తేలక నెలల తరబడి ఆగిపోయి, 2026 ఫిబ్రవరిలో గానీ సీజన్ మొదలవలేదు. జీతాలు వస్తాయో రావో అని ఆటగాళ్ళు టెన్షన్ పడ్డారు. అప్పుడు ఆట ఏకబిగిన సాగే ‘ఫ్లో’ గురించి ఎవరూ మాట్లాడలేదేం? డబ్బు పెట్టేవాడికి మూడు నిమిషాలు ఇస్తే కొంపలేమీ మునగవు.

పటమట లెఫ్ట్‌వింగ్:
బాబాయ్, డబ్బు వద్దని ఎవరన్నారు? అది ఆట లోపలికి చొరబడకూడదంటున్నాను. 1967లో అమెరికాలో ఏం జరిగిందో తెలుసా? కొత్తగా పెట్టిన ప్రొఫెషనల్ లీగ్‌ని సీబీఎస్ టీవీ ప్రసారం చేసేది. ఒక మ్యాచ్‌లో తాను ఇచ్చిన 21 ఫౌళ్ళలో 11 యాడ్లకి టైమ్ ఇవ్వడానికే ఇచ్చానని రిఫరీ పీటర్ రోడ్స్ ఒప్పుకున్నాడు. విజిల్ గారూ, వింటున్నారా?

2024లో దక్షిణ అమెరికా జట్ల టోర్నీ కోపా అమెరికా ఫైనల్లో షకీరా షో కోసం హాఫ్‌టైమ్ 25 నిమిషాలకి లాగారు. రూల్ ప్రకారం 15 దాటకూడదు. ఆటగాళ్ళ ఒళ్ళు చల్లబడిపోతుందని కొలంబియా కోచ్ మొత్తుకున్నాడు. ఈసారి ప్రపంచకప్ ఫైనల్‌కీ హాఫ్‌టైమ్ షో ఉంది. ఒకచోట ఒళ్ళు చల్లబడాలంటారు, ఇంకోచోట చల్లబడినా ఫర్వాలేదంటారు.

బ్రాడీపేట విజిల్:
ఆ రోడ్స్ సంగతి నాకూ తెలుసు. మా వాళ్ళకి తలవంపు.

కొత్తపేట స్పాట్:
సరే, మరి దారేంటి? తిట్టడం తేలికే.

పటమట లెఫ్ట్‌వింగ్:
దారి అమెరికా వాళ్ళే చూపించారు. 1994 ప్రపంచకప్ అక్కడే జరిగింది. ఏబీసీ, ఈఎస్‌పీఎన్ ఛానళ్ళు ఆట మధ్యలో యాడ్ వెయ్యలేదు, తెర మీద గడియారం పక్కన స్పాన్సర్ లోగో పెట్టుకున్నారు. ఇప్పుడూ అది చెయ్యొచ్చు. వేడి కొలిచి, హద్దు దాటితేనే బ్రేక్ ఇవ్వాలి. ఇచ్చినప్పుడు కెమెరా మైదానం మీదే ఉండాలి. కోచ్ ఎవరి చెయ్యి పట్టుకుని ఏం చెబుతున్నాడో మేం చూసుకుంటాం.

కొత్తపేట స్పాట్:
లోగో అంటే రేటు తక్కువ పలుకుతుంది అబ్బాయ్. కానీ 90 నిమిషాలూ కనపడుతుంది కాబట్టి అమ్మలేం అని అనను. ఎల్ బ్యాండ్ మాత్రం నన్నడక్కండి, దాని మీద మా టార్గెట్ ఉంది.