తిమింగలాల టూర్లు: వాటిని మనం ఇబ్బంది పెడుతున్నామా?

ఉప్పుగాలి:
ఈమధ్య తిమింగలాల టూర్‌కి వెళ్ళొచ్చాను. మా పడవ దూరంగానే ఆగింది. కాసేపటికి ఇంకొన్ని పడవలు వచ్చి చేరాయి. తిమింగలం తోకెత్తి మునిగి, మళ్ళీ ఎక్కడో దూరంగా తేలింది. "మామూలేనండీ" అన్నాడు గైడ్. నిజంగా మామూలేనా, మేమే తరిమేశామా?

నీలికెరటం:
ఒక్క మునక చూసి ఏమీ తేల్చలేమండీ. మేతకు లోతుకి దిగేటప్పుడూ తోక ఎత్తుతాయి. ఎంతసేపటికోసారి ఊపిరి తీస్తోంది, ఎంత వేగంగా ఈదుతోంది, విశ్రాంతి తగ్గిందా అని పడవ ఉన్నప్పుడూ లేనప్పుడూ పోల్చి చూడాలి.

ఆస్ట్రేలియాలో ఎక్స్‌మౌత్ గల్ఫ్ దగ్గర హంప్‌బ్యాక్ జాతి తిమింగలాల తల్లీపిల్లలకు 100 మీటర్ల దూరంలో పడవ ఉంచి, నీటి అడుగున స్పీకర్‌లో పడవ శబ్దం వినిపించారు. పైనుంచి డ్రోన్‌తో గమనించారు. ఫలితాలు 2020లో వచ్చాయి. శబ్దం 172 డెసిబెల్స్‌కి చేరినప్పుడు తల్లి విశ్రాంతి 30 శాతం తగ్గింది, ఊపిరి తీయడం రెట్టింపైంది. (నీటిలో డెసిబెల్ లెక్క వేరు, గాలిలో అంకెలతో పోల్చకండి.) దూరం అదే, మారింది మోత ఒక్కటే. తాను మేత లేకుండా ఒంట్లో కొవ్వు మీదే నెట్టుకొస్తూ పిల్లకు పాలిచ్చే తల్లికి ఆ విశ్రాంతి చాలా అవసరం.

డెక్‌మీద:
మోత సంగతి నిజం. నేనెక్కిన ఒక పడవలో కెప్టెన్ ఫోటోల కోసం గేరు ముందుకీ వెనక్కీ మారుస్తూనే ఉన్నాడు, డెక్ అంతా దడదడ. ఇంకో టూర్‌లో న్యూట్రల్‌లో పెట్టి ఊరుకున్నాడు. తిమింగలమే పక్కకొచ్చి ఊపిరి వదిలింది. ఆ తుంపర మీద పడితే కుళ్ళిన చేపల కంపు, జాకెట్ ఉతికినా ఒక పట్టాన వదల్లేదు!

చిన్నడౌటు:
వాటంతటవే దగ్గరికొస్తే అలవాటు పడ్డట్టే కదా? ఇంకెందుకు టెన్షన్?

పాతలంగరు:
అలా అనుకోవడానికి లేదు. ఆస్ట్రేలియాలోనే షార్క్ బేలో డాల్ఫిన్ల మీద బెయ్డర్ అనే శాస్త్రవేత్త బృందం చేసిన పరిశోధన (2006) చూడండి. టూర్ ఆపరేటర్లు ఒకరి నుంచి ఇద్దరయ్యాక అక్కడ డాల్ఫిన్లు తగ్గాయి. టూర్లు లేని పక్క ప్రాంతంలో అంత తగ్గలేదు. తమాషా ఏంటంటే, టూర్లున్న చోట మిగిలినవి పడవలొస్తే పెద్దగా చలించేవి కావు. అలవాటు పడ్డాయని కాదు, బెదిరేవి అప్పటికే వెళ్ళిపోయి ఉంటాయని వాళ్ళ వాదన. ప్రభుత్వం లైసెన్సులు రెండు నుంచి ఒకటికి తగ్గించింది.

నీలికెరటం:
అన్నిచోట్లా ఇదే ఫలితం రాలేదు. అమెరికాలో న్యూ ఇంగ్లండ్ తీరంలో టూర్ పడవలు ఎక్కువగా ఎదురైన హంప్‌బ్యాక్‌లకు కాన్పులు తగ్గినట్టు 2009 పరిశోధనలో తేలలేదు. వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో సాల్మన్ తినే ఓర్కాల (కిల్లర్ వేల్స్) కథ వేరు. సాల్మన్ చేపలే కరువైనచోట మోత తోడైతే వేట దెబ్బతింటుంది. అక్కడ 2025 నుంచి పడవలు వాటికి 1000 గజాల దూరం పాటించాలి.

చిన్నడౌటు:
ఎంతైనా చంపడం కంటే చూడ్డం నయం కదండీ. 2008లోనే 1.3 కోట్ల మంది చూశారట.

పాతలంగరు:
నయమే. కానీ టూర్లొచ్చినంత మాత్రాన వేట దానంతటదే ఆగదు. ఐస్‌లాండ్‌లో వేటా, టూర్లూ పక్కపక్కనే సాగాయి.

ఉప్పుగాలి:
మరి ఈసారి బుక్ చేసేముందు ఏం అడగమంటారు?

డెక్‌మీద:
ఒక తిమింగలం దగ్గర ఒకేసారి ఎన్ని పడవలు ఆగొచ్చు, ఎంతసేపు ఉంటారు, పిల్ల ఉంటే ఏం చేస్తారు అని. "కచ్చితంగా దగ్గర్నుంచి చూపిస్తాం" అని ఊదరగొట్టేవాళ్ళ జోలికి నేను పోను. ఆ మాట నిలబెట్టుకోవాలంటే కెప్టెన్ వెంటపడక తప్పదు.