సగంలో ఆగిన షార్ట్ ఫిల్మ్‌ని మళ్లీ పట్టాలెక్కించడం ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవుల్లో మా ఊళ్లో ఒక షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాను. తండ్రి తన టైలర్ షాపు మూసేస్తున్నాడని తెలిసి కొడుకు ఊరికి వస్తాడు, అదీ కథ. పదిహేను నిమిషాలకు రాసుకున్నాను. తండ్రి వేషం మా ఊరి టైలర్ గారే వేశారు, షాపు కూడా ఆయనదే. కెమెరా నా ఫోనే. సగం తీశాక, కొడుకుగా చేస్తున్న అబ్బాయికి పుణెలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి పని ఆగిపోయింది. రాత్రిళ్లు రషెస్ (ఎడిట్ చేయని ముడి షాట్లు) పెట్టుకుని చూస్తుంటే ఏ ముక్కా సినిమాలా అనిపించడం లేదు. మాటలు ఫ్యాన్ చప్పుడులో కలిసిపోయాయి. దీన్ని పక్కన పెట్టి కొత్త కథ ఎత్తుకోవాలా, దీన్నే పూర్తి చేయాలా? ఏదీ తేల్చుకోలేకపోతున్నాను.

మొదటి జవాబు:
తమ్ముడూ, ఇప్పుడు కొత్త కథ జోలికి వెళ్లకు. అది కూడా సగానికి వచ్చేసరికి ఇదే దిగులు పట్టుకుంటుంది. దీన్నే పూర్తి చెయ్యి, కాకపోతే పదిహేను నిమిషాలు వద్దు, ఏడెనిమిదికి కుదించు.

ముందు రషెస్ చూడటం మానెయ్. రషెస్ ఎవరివైనా అలాగే ఉంటాయి. నువ్వు ‘యాక్షన్’ అనేలోపు టైలర్ గారు బిక్కమొహం వేసుకుని నీ వైపు చూడటం, ‘కట్’ అన్నాక కెమెరా నేలకేసి దిగిపోవడం, ఇవన్నీ ఎడిటింగ్‌లో ఎగిరిపోయేవే. ఉన్న షాట్లన్నీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వరసగా టైమ్‌లైన్ మీద పేర్చు. డావిన్చి రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. తీయని చోట నల్ల తెర పెట్టి, అక్కడ ఏం జరగాలో ఒక లైను రాసెయ్. మొదటి నుంచి చివరి దాకా ఒకసారి ఆపకుండా చూస్తే ఏం తక్కువైందో లెక్క తేలుతుంది. ‘ఏదీ బాలేదు’ అనుకుంటే ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియదు. ‘నాలుగు షాట్లు కావాలి’ అని తెలిస్తే అది ఒక ఆదివారం పని. ధైర్యం నాకెప్పుడూ ఆ లెక్క తేలాకే వచ్చింది.

కొడుకు ఊరికి వచ్చిన భాగం నీ దగ్గర ఉంది కదా. మిగతా కథ అతను తిరిగి వెళ్లిపోయాక జరగనివ్వు. షాపు మూసే రోజు తండ్రి గుడ్డ కత్తిరిస్తూ, ఫోన్ స్పీకర్‌లో పెట్టి కొడుకుతో మాట్లాడతాడు. మనకు వినిపించేది గొంతు ఒక్కటే. నన్నడిగితే నీ పాత కథ కంటే ఇదే బలంగా ఉంది.

సత్యజిత్ రాయ్ 1952లో ‘పథేర్ పాంచాలి’ మొదలుపెట్టేనాటికి కలకత్తాలో అడ్వర్టైజింగ్ ఏజెన్సీ ఉద్యోగి. సెలవు రోజుల్లో షూటింగ్ చేసేవాడు. రెల్లుపూల మధ్య సీను కొంత తీసి, మిగతాది తీద్దామని మళ్లీ వెళ్తే పూలన్నీ పశువులు మేసేశాయి. మరుసటి ఏడాది పూత దాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత డబ్బులు అయిపోయి చాన్నాళ్లు ఆగిపోయింది. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బిస్తే 1955లో బయటికొచ్చింది. కాబట్టి నీ సినిమా ఆగినందుకు కంగారు పడకు. మళ్లీ ఎప్పుడో తేదీ మాత్రం వేసుకో. ఆదివారం షూటింగ్ అయిపోయి అందరూ టీ తాగుతున్నప్పుడే, తర్వాత కలిసేది ఎప్పుడో అక్కడికక్కడే ఖాయం చెయ్యి. ఇళ్లకు వెళ్లాక ఫోన్లు చేసి పోగుచేద్దామంటే ఎవరి పనుల్లో వాళ్లుంటారు.

రెండో జవాబు:
నేను సౌండ్ పనిలో ఉన్నాను. మాట సరిగ్గా వినపడకపోతే మంచి నటన కూడా తేలిపోతుంది. మీరు నిరాశపడటానికి సగం కారణం ఆ ఫ్యానే అయి ఉంటుంది.

పాడైన డైలాగుల కోసం టైలర్ గారిని స్టూడియోకి తీసుకెళ్లకండి, బిగుసుకుపోతారు. రాత్రి షాపు కట్టేశాక అక్కడే కూర్చోబెట్టి, ఫ్యాన్ ఆపి, షట్టర్ దించి, పాత టేక్ ఇయర్‌ఫోన్స్‌లో వినిపిస్తూ ఒక్కో లైను చెప్పించండి. కాలర్ మైకు పెట్టి రెండో ఫోన్‌లో రికార్డ్ చేయండి, ఆ ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. పెదాలకు మాట కలవని చోట ఆయన చేతులు చూపించండి. సుద్దతో గుడ్డ మీద గీత గీయడం, సూదిలోకి దారం ఎక్కించే ముందు కొసను పెదాలతో తడపడం, మిషన్ తొక్కే కాలు, ఇలాంటివి ఎన్ని తీసుకుంటే అంత మంచిది. కత్తెర గుడ్డలోంచి పోయే చప్పుడు మైకు దగ్గరగా పెట్టి విడిగా తీసుకోండి. ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం షాపు నిశ్శబ్దం కూడా రికార్డ్ చేయండి. డైలాగుల మధ్య అతుకులు కనబడకుండా అదే కాపాడుతుంది.

ఫోన్‌లో వినిపించే కొడుకు గొంతు కోసం, పుణె అబ్బాయిని బట్టలు నిండుగా ఉన్న అల్మారా తలుపు తీసి, దాని ముందు నిలబడి మాట్లాడమనండి. ఎడిటింగ్‌లో ఆ గొంతుకు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య మాత్రమే ఉంచితే ఫోన్‌లో విన్నట్టే ఉంటుంది.

అడిగినవారు:
అన్నా, అక్కా, చాలా థాంక్స్. చెప్పినట్టే షాట్లు వరసగా పెట్టి రఫ్ కట్ (తొలి కూర్పు) పేర్చాను. నిజంగానే తక్కువైంది కొన్ని షాట్లే. ఈ ఆదివారం ఊరెళ్తున్నాను. కానీ టైలర్ గారు ఈమధ్య జుట్టుకు రంగేసుకున్నారు. ఆయన్ని మళ్లీ రమ్మనడానికి మొహమాటంగా కూడా ఉంది. ఇంకో సమస్య, ట్యూబ్‌లైట్ కింద తీసిన షాట్లలో గీతలు కదులుతున్నాయి.

మొదటి జవాబు ఇచ్చినవారు:
రంగు మంచిదే అయింది. మారిన కథలో అది వేరే రోజు కదా. షాపు చివరి రోజని తయారై వచ్చాడనుకుంటారు.

మొహమాటం వదిలెయ్. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో దర్శకుడు వెంకటేష్ మహా ఎక్కువగా విశాఖలోని ఆ పేటవాళ్లతోనే నటింపజేశాడు. ఆ సినిమాకు బలం వాళ్లే. నీకూ ఆ టైలర్ గారే బలం. ముందు రఫ్ కట్ ఆయనకు చూపించు, తర్వాత అడుగు. ఆ రోజు షాపు మీద వచ్చే డబ్బు ఎంతో కనుక్కుని చేతిలో పెట్టు.

గీతలకు కారణం మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం, దానితో పాటే ట్యూబ్‌లైట్ కంటికి తెలియకుండా మిణుకుతుంది. కెమెరా షటర్ స్పీడ్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు తీసుకునే సమయం) సెకనులో 1/50 దగ్గర లాక్ చెయ్యి. పాత షాట్లు సెకనుకు 30 ఫ్రేముల్లో తీసి ఉంటే ఇవీ 30లోనే తియ్యి, షటర్ మాత్రం 1/50 ఉంచు. ఎక్స్‌పోజర్ (వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) కూడా మారకుండా లాక్ చెయ్యి. ఫోన్‌లో ఉన్న కెమెరా ఒప్పుకోకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా దొరుకుతుంది, అయితే అది అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో పనిచేయదు, ముందే చూసుకో. శనివారం రాత్రికే ఊరు చేరి, ఆ ట్యూబ్‌లైట్ కింద పది సెకన్లు తీసి లాప్‌టాప్‌లో చూడు, ఫోన్ తెర మీద గీతలు సరిగ్గా తెలియవు.