అప్‌డేట్: మెడికల్ షాపుల మ్యాప్‌లో ఆ ఎర్ర మచ్చ సంగతి

ఎవరైనా వివరాలు చేర్చగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో హైదరాబాద్ మెడికల్ షాపుల హాట్‌స్పాట్‌లు (షాపులు గుంపుగా ఉన్న చోట్లు) తీస్తే గచ్చిబౌలి వైపు ఎర్రగా, పాతబస్తీ ఖాళీగా వస్తోందని, మోరాన్స్ ఐ (పక్కపక్క చోట్ల విలువలు ఎంత ఒకేలా ఉన్నాయో చెప్పే కొలత) కూడా బాగా ఎక్కువుందని అడిగాను కదా. మీరన్నదే నిజం: గుంపుగా ఉన్నది షాపులు కాదు, మ్యాప్ చేసేవాళ్లు. ఎడిట్ హిస్టరీ చూస్తే ఆ మచ్చలో సగానికి పైగా ఒకే యూజర్ పెట్టినవి. కొన్ని షాపులైతే పాయింటుగా ఒకసారి, బిల్డింగ్‌గా ఇంకోసారి లెక్కలోకి వచ్చాయి.

ఆదివారం పాతబస్తీలోని శాలిబండలో ఒక్క వీధి నడిచాను. డేటాలో సున్నా, కళ్లముందు ఆరు షాపులు! (ఎండ దెబ్బ అదనం.)

ఇప్పుడు షాపుల విడి సంఖ్య వదిలేసి, మ్యాప్‌ను గడులుగా విడగొట్టి ప్రతి గడిలో నమోదైన మొత్తం దుకాణాల్లో మెడికల్ షాపుల వాటా చూస్తున్నా. మచ్చ చాలావరకు పోయింది. కానీ పది దుకాణాలు కూడా లేని గడుల్లో వాటా ఊగిపోతోంది. వాటిని బూడిదరంగులో వదిలేశా. గైడ్‌గారికి ఇంకా చెప్పలేదు, అదే టెన్షన్.