నోట్లో ఇనుము లేకుండా గుర్రాన్ని సముద్రపు ఒడ్డున నడపవచ్చునా?

భీమిలి బాట (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న మా మామిడితోటలో రెండేళ్ళుగా ఒక ఆడగుర్రాన్ని సాకుతున్నాము. మా దగ్గరికి రాకముందు అది సముద్రపు ఒడ్డున పిల్లలను ఎక్కించుకుని తిరిగేది. తెచ్చిన నాడు దాని నోట ఉన్న కళ్ళేన్ని చూసి మా అమ్మ కంటతడి పెట్టుకుంది. బుగ్గలకు ఆనే చోట రెండు వైపులా లోపలికి తిరిగిన ఇనుప ముళ్ళున్నాయి. ఆ సాయంత్రమే దానిని తీసివేశాము. కొన్నాళ్ళు ఆగి, మధ్యలో కీలున్న నున్నటి కళ్ళెం అలవాటు చేయబోయాను. ఇనుము చప్పుడు వినబడితే చాలు, అది తల పైకెత్తి, పళ్ళు బిగించి, వెనక్కు వెనక్కు నడిచి గోడకు ఆనుకుంటుంది. పశువైద్యులు వచ్చి, వాడిగా ఉన్న పళ్ళ అంచులను అరగదీసి, నా వేలు పట్టుకుని లోపల ఒకచోట తడిమించారు. కింది దవడ మీద, ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ నడుమ కళ్ళెం ఆనే ఖాళీ చోట, ఎడమవైపు ఎముక సజ్జగింజంత గరుకుగా లేచి ఉంది. ఇనుము ఏళ్ళ తరబడి ఒత్తితే ఎముక అలా పెరుగుతుందట. ఇక ఆ నోట ఏమీ పెట్టకపోవడమే మేలని ఆయన అన్నారు.

నాకున్న సందేహాలు రెండు. కళ్ళెం లేకుండా ముక్కుపట్టీతో నడిపే తలకట్లలో ఇటువంటి గుర్రానికి ఏది తగినది? అంతకంటే ముఖ్యంగా, బస్సులు, ఆటోలు తిరిగే బీచ్ రోడ్డు పక్కన అది బెదిరితే నేను ఆపగలనా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పాత సాహిణి:

భీమిలి బాట గారూ, మీ వైద్యులు సరైన మాట చెప్పారు. ఆ ఖాళీ చోట ఇనుముకూ ఎముకకూ అడ్డుగా పలుచని చిగుళ్ళ పొర తప్ప మరేమీ ఉండదు కాబట్టి, కళ్ళెం ఎంత నున్నదైనా పగ్గం పట్టిన చెయ్యి మొరటుదైతే ఆ నొప్పి నేరుగా ఎముకకే చేరుతుంది.

ముక్కుపట్టీ తలకట్లలో నాకు తెలిసినవి నాలుగు రకాలు. మొదటిది సైడ్‌పుల్. పగ్గాలు ముక్కుపట్టీకి రెండు పక్కలా ఉన్న రింగులకు కడతారు. కుడి పగ్గం లాగితే ముక్కు కుడికి వస్తుంది, అంతే. రెండవదానిలో పగ్గపు పట్టీలు దవడ కింద ఒకదానినొకటి దాటి, చెంపల మీదుగా చెవుల వెనక్కు వెళతాయి. ఒక పగ్గం లాగితే అవతలి చెంప మీద ఒత్తిడి పడి తల మొత్తం తిరుగుతుంది. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయపు పశువైద్య ఆచార్యులు రాబర్ట్ కుక్ దీనికి బాగా ప్రచారం తెచ్చారు. మూడవది బోసాల్, పచ్చితోలు అల్లి చేసిన గట్టి వలయం. కాలిఫోర్నియా పశుపాలకులు కోడె వయసు గుర్రాలకు కళ్ళెం పెట్టే ముందు దీనితోనే నేర్పించేవారు. చేతివాటం తెలిసినవారికే అది పనికివస్తుంది. నాలుగవది మెకానికల్ హాకమోర్. దీనికి రెండు వైపులా పొడవైన ఇనుప కాడలు, గడ్డం కింద గొలుసు ఉంటాయి. నోట్లో ఇనుము లేదు గదా అని చాలామంది దీనిని మెత్తనిదనుకుంటారు గాని, ఆ కాడలు మీటలా పనిచేసి మీరు చేతితో లాగిన బలాన్ని రెట్టింపుకు మించి ముక్కు మీద వేయగలవు. మీ గుర్రం విషయంలో దాని జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. సైడ్‌పుల్‌తో మొదలుపెట్టండి. పట్టీ రెండు వేళ్ళ వెడల్పున్న తోలుదిగాని నైలానుదిగాని కావాలి. సన్నని తాడు చర్మాన్ని కోస్తుంది.

పట్టీ ఏ ఎత్తున కూర్చోవాలన్నదే అసలు సంగతి. కంటి కింద నుంచి చెంప మీదుగా దిగే ఎముక గట్టు వేలికి తగులుతుంది. అది ముగిసే చోటికి రెండు వేళ్ళ దిగువన పట్టీ ఉండాలి. అంతకంటే కిందికి జారితే ముక్కు ఎముక కొస వస్తుంది. అక్కడ ఎముక పలుచన, దాని కింద ఆధారమూ ఉండదు. పైగా గుర్రం మనలాగా నోటితో గాలి పీల్చలేదు, ముక్కు ఒక్కటే దానికి దారి. పట్టీ ఆ మెత్తని భాగం మీద బిగుసుకుంటే ఊపిరి ఆడక భయపడి పరుగెడుతుంది. ముక్కు దూలానికీ పట్టీకీ నడుమ రెండు వేళ్ళు సులువుగా దూరాలి. మరీ వదులైనా తల తిప్పినప్పుడు తలకట్టు చెంపపట్టీ జరిగి అవతలి కంటిని రాస్తుంది.

ఇక ఆపడం సంగతి. దానిని నేల మీద నిలబడే నేర్పాలి, జీను ఎక్కాక నేర్చుకునేది కాదు. మొదటి మూడు వారాలు వీపు మీద ఎవరూ కూర్చోవద్దు. పక్కన నడుస్తూ, ముందు "హో" అనండి, తరువాత మీరు ఆగండి, అప్పటికీ ఆగకపోతేనే పగ్గం మెల్లగా అందుకోండి. ఆగిన క్షణంలోనే పగ్గం వదిలేయాలి. గుర్రానికి పాఠం ఒత్తిడి పెట్టినప్పటికంటే అది తొలగిన క్షణంలో ఎక్కువ ఎక్కుతుంది. తరువాత నిలబడి ఉన్నప్పుడే ఒక్క పగ్గంతో మెడను పక్కకు వంచడం, వెనక్కు రెండడుగులు వేయించడం నేర్పండి. ఇవన్నీ వచ్చాక, దడి కట్టిన చోట ఎక్కి, కూర్చున్న తీరు బరువుగా చేసి, ఊపిరి వదిలి, మాట చెప్పి ఆపండి. చెయ్యి అన్నిటికంటే చివర కదలాలి.

మద్దిలపాలెం మిత్రుడు:

పై సభ్యుల వివరణను గౌరవిస్తూనే ఒక హెచ్చరిక చేయదలచుకున్నాను. నాలుగేళ్ళ క్రితం నేను నడుపుతున్న మగగుర్రం పెళ్ళి ఊరేగింపులో బాణసంచా పేలేసరికి బెదిరి పరుగందుకుంది. దాని నోట కళ్ళెం ఉంది. నేను రెండు పగ్గాలనూ బలంగా లాగి పట్టాను. ఎంత లాగితే అది మెడను అంత బిగించి, అంత వేగంగా పరుగెత్తింది. ఒక పాల వ్యాను పక్కనుంచి దూసుకుపోయి, చివరకు ఇసుకలో అలసిపోయి తానే ఆగింది. నా భుజం ఎముక విరిగింది. బెదిరిన గుర్రాన్ని ఇనుము ఆపుతుందన్న నమ్మకం ఆనాటితో నాకు పోయింది. అయితే ముక్కుపట్టీ ఆపుతుందన్న భరోసా కూడా నేను ఇవ్వలేను. కాబట్టి తలకట్టు ఏదైనా, ఇంకా నేర్చుకుంటున్న గుర్రంతో బీచ్ రోడ్డు పక్కకు వెళ్ళకండి. కనీసం కొన్ని నెలలు తోటలోనే ఉండండి. హారన్లు, గొడుగులు, గాలికి ఎగిరే ప్లాస్టిక్ సంచులు, డప్పులు, అన్నిటినీ దూరం నుంచి దగ్గరకు తెస్తూ అక్కడే చూపించండి.

ఒక పగ్గంతో మెడ వంచే పద్ధతిని గుర్రం పరుగు అందుకోకముందే, తొలి రెండు మూడు అడుగుల్లోనే వాడాలి. పూర్తి దౌడులో ఉన్నప్పుడు మెడను ఒక్కసారిగా పక్కకు తిప్పితే, అందులోనూ ఇసుకలో, గుర్రం కాళ్ళు మెలిపడి మీ మీదే పడే ప్రమాదం ఉంది. అప్పుడు పెద్ద వలయంగా తిప్పుతూ, వలయాన్ని క్రమంగా చిన్నది చేయాలి. శిరస్త్రాణం లేకుండా మాత్రం ఎక్కవద్దు.

సాగర్‌నగర్ వాసి:

చిన్న సమాచారం. ముళ్ళ కళ్ళెం వాడటం మన దేశంలో చట్టవిరుద్ధం. బరువులు లాగే, మోసే జంతువుల గురించి 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1965లో చేసిన నియమాలు దానిని నిషేధించాయి. ఒడ్డున ఇంకా ఎక్కడైనా కనబడితే ఆ గుర్రపువారితో ముందు నెమ్మదిగా మాట్లాడండి. నేను మాట్లాడిన ఇద్దరిలో ఒకరికి ఆ సంగతి నిజంగానే తెలియదు, మరుసటి వారానికి మార్చేశారు. పోటీల మాటకొస్తే, అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య నియమాల ప్రకారం గుర్రాలు అడ్డంకుల మీదుగా దూకే పోటీలలో కళ్ళెం లేని తలకట్టు వాడవచ్చు, రౌతు సైగలకు గుర్రం లయగా నడిచే తీరును చూసే డ్రెసాజ్‌లో మాత్రం కళ్ళెం తప్పనిసరి.

భీమిలి బాట:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ప్రశ్న అడిగి నాలుగు నెలలు కావస్తోంది, జరిగింది చెప్పడం నా బాధ్యత. సైడ్‌పుల్ తెప్పించాను. మొదటి రోజు ముక్కుపట్టీని చేతిలో పట్టుకుని పావుగంట ఊరికే నిలుచున్నాను. అది మెడ చాచి వాసన చూసి, పట్టీని పెదవితో ఒకసారి పట్టి లాగి, తరువాత తానే ముక్కు అందులో పెట్టింది. తల పైకెత్తలేదు. మా అమ్మ అరుగు మీద నుంచి చూస్తూనే ఉంది.

మూడు వారాలు నేల మీద పాఠాలకే సరిపోయాయి. మాటకు ఆగడం వారంలోనే వచ్చింది. ఎడమవైపుకు మెడ వంచడానికి మాత్రం నెలకు పైగా పట్టింది, పాత గాయం ఆ వైపే కదా. తోటలో నడక, దుడుకునడక రెండింటిలోనూ ఇప్పుడు రెండు మూడడుగుల్లో ఆగుతోంది. మద్దిలపాలెం మిత్రుని మాట మన్నించి రోడ్డు పక్కకు వెళ్ళలేదు. గత ఆదివారం తెల్లవారుజామున ఆటు సమయంలో, జనం లేని చోట, తడిసి గట్టిపడిన ఇసుక మీదికి తీసుకువెళ్ళాము. మా తమ్ముడు ముందు నడిచాడు. అల వెనక్కు జారుతూ డెక్కల కింద ఇసుక లాగేసరికి అది ఒక్క ఉదుటున పక్కకు గెంతింది. నేను ఊపిరి వదిలి, బరువు దించి, "హో" అన్నాను. నాలుగో అడుగున ఆగి, చెవులు వెనక్కు తిప్పి నా మాట కోసం చూసింది. పగ్గం నా వేళ్ళ మధ్య వదులుగానే ఉంది.

ఒక ఇబ్బంది మిగిలింది. చెమట, ఉప్పుగాలి కలిసి తోలుపట్టీ అంచు గట్టిపడి, ముక్కు దూలం మీద అర్ధరూపాయంత మేర వెంట్రుకలు రాలాయి. పదిరోజులు పట్టీ పెట్టడం ఆపాను. దీనికి ఏమి చేయాలి?

పాత సాహిణి:

చాలా సంతోషం. ఒడ్డు నుంచి రాగానే పట్టీని మంచినీటితో కడిగి, ఎండలో పెట్టకుండా నీడలో ఆరబెట్టి, అది కాస్త చెమ్మగా ఉండగానే తోలుకు వాడే నూనె రాయండి. గుర్రం ముఖాన్ని కూడా తడిగుడ్డతో తుడవండి, ఎండిన చెమట ఉప్పు ఇసుక కాగితంలా రాస్తుంది. పట్టీకి గొర్రెబొచ్చు తొడుగు వేసి, ప్రతి వాడకం తరువాత ఉతకండి. రాలిన చోట కొత్త వెంట్రుకలు పూర్తిగా వచ్చేదాకా దాని మీద ఏదీ ఆననివ్వవద్దు. అప్పటిదాకా నేల పాఠాలకు మెడలో వదులుగా వేసిన తాడు చాలు.